వేన్నీళ్ళు: తెలుగు ఇంటి స్నానచరిత్రకు భాషాసాక్ష్యము

సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' 1949లో వెలువడినది మొదలు, రాజుల యుద్ధములే చరిత్ర కావనియు, ప్రజలు తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆట కూడ చరిత్రమే యనియు తెలుగు పరిశోధకులు గ్రహించిరి. ఆ గ్రంథము 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతిని పొందిన తొలి తెలుగు గ్రంథము. ఆ మార్గమున ఆహారమును గూర్చి, వేషధారణను గూర్చి, వినోదములను గూర్చి విలువైన వ్యాసములు వచ్చినవి. కాని దినదినమును ప్రతి ఇంటను జరుగు స్నానమునకు, అందును పొయ్యిపై కాచిన నీటితో చేయు స్నానమునకు, తగినంత చర్చ లభింపలేదని మా యభిప్రాయము. ఆ లోపమును కొంతవరకైన పూరింపవలెనని యీ వ్యాసమున ప్రయత్నించుచున్నాము.

మేము ఇచ్చట ప్రతిపాదింపదలచిన విషయ మొక్కటే. మన దేశమున చన్నీటి స్నానమునకు చరిత్ర రాతిలో నున్నది. వేన్నీటి స్నానమునకు చరిత్ర మాటలో నున్నది. రాతిని చూచి చరిత్ర వ్రాయువారికి మొదటిది కనబడినంత సులభముగా రెండవది కనబడదు. మాటను పరిశీలించుట తెలుగు శాఖవారి పని గనుక, రెండవ చరిత్రను వెదకవలసిన బాధ్యతయు మనపైననే యున్నది.

1. రాతి సాక్ష్యము

మొదట రాతిని చూతము. మొహెంజొదారోలోని మహాస్నానవాటిక జగత్ప్రసిద్ధము. సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతుగల ఆ ఇటుకల కొలనునకు రెండువైపుల మెట్లున్నవి. నీరు ఇంకకుండుటకై దానికి శిలాజతుపు పూత పూసిరి. మన ప్రాంతమునకు వచ్చిన యెడల, 1954 నుండి 1960 వరకు నాగార్జునకొండలో జరిగిన త్రవ్వకములలో ఇక్ష్వాకుల కాలమునాటి కృష్ణాతీరపు స్నానఘట్టము బయల్పడినది. జలాశయమున మునిగిపోవు కట్టడములలో కొన్నిటిని పిదప అనుపువద్ద తిరిగి నిలిపిరి. విజయనగరమున, అనగా నేటి హంపిలో, రాణివాసపు స్నానగృహమని వ్యవహరింపబడు కట్టడము కలదు. చుట్టును వసారాలు, వసారాలపై చెక్కడపు గవాక్షములు, నడుమ సుమారు 15 మీటర్ల చదరపు కొలను. రాతి కాలువలద్వారా నీరు తెచ్చు ఏర్పాటులును ఆ నగరమున నేటికిని చూడవచ్చును.

ఈ మూడును చన్నీటి కట్టడములే. మెట్లు దిగి మునుగుటకు కట్టినవే. వీనిని చూచినవాడు, ప్రాచీనులు చన్నీటనే స్నానము చేసిరనియు, వేన్నీటి స్నానము తరువాతివారి సౌకర్యమనియు తలంచిన తప్పుపట్టుట కష్టము. రోమనులు తమ స్నానశాలల నేలక్రింద నిప్పుల వేడిని ప్రసరింపజేసిరి. 216లో కరకల్లా చక్రవర్తి పేర ప్రారంభమైన స్నానశాల శిథిలములు నేటికిని నిలిచియున్నవి. అందుచేత రోమనుల వేన్నీటికి రాతి సాక్ష్యము దొరకినది. మనకు అది అంతగా దొరకకపోవుటకు కారణము, మనవారు నీరు కాచుకొనకపోవుట కాదు. కాచుకొన్న చోటు ఇల్లగుట. ఇంటి వేన్నీళ్ళకు కావలసినవి మూడు: కుండ, కట్టె, చేయి. కుండ పగిలిపోవును. కట్టె బూడిద యగును. చేతి పేరు ఏ శాసనమునను ఎక్కదు.

2. శాస్త్ర సాక్ష్యము

రాతి తరువాత గ్రంథములను చూతము. ధర్మశాస్త్రములు స్నానమును నిత్యము, నైమిత్తికము, కామ్యము, క్రియాంగము, మలాపకర్షణము, క్రియాస్నానము అని యారు విధములుగా విభజించినవి. వీనిలో పుణ్యఫలమునకై చేయునట్టివి నదులలోను, చెరువులలోను, సహజమైన చల్లని నీటను చేయదగినవి. రోగులకు, అశక్తులకు ఉష్ణోదకము అనుమతింపబడినది. అనగా ధర్మశాస్త్రకారుని దృష్టిలో చన్నీరు పుణ్యమునకు, వేన్నీరు శరీరమునకు. పుణ్యము లేనిదానిని గూర్చి ఆయన ఎక్కువ వ్రాయలేదు.

వైద్యుడు మాత్రము శరీరమునే తలంచెను. వాగ్భటుని అష్టాంగహృదయము దినచర్యాధ్యాయమున వేడినీటి స్నానమునకు గుణదోషములు రెండును చెప్పినది. మెడకు దిగువ భాగమున పోసికొన్న వేడినీరు బలమిచ్చును; తలపై పోసికొన్నచో కేశములకును, కన్నులకును హాని. నేటికిని మన పెద్దలు "తలమీద మరీ వేడినీళ్ళు పోసికొనకు" మని పిల్లలను మందలించుట మనము వినుచున్నాము. అట్లు మందలించువారిలో అష్టాంగహృదయమును చదివినవారు అరుదు. శాస్త్రము ఇంటినుండి గ్రహించెనో, ఇల్లు శాస్త్రమునుండి గ్రహించెనో నిర్ణయించుటకంటె, రెండింటికి నడుమ రాకపోకలుండెననుట సమంజసము. చరకసంహిత స్వేదాధ్యాయమున పదుమూడు విధములైన స్వేదకర్మలు చెప్పబడినవి. అందు 'జేంతాక' మనునది గుండ్రని గది. దాని నడుమ రంధ్రములుగల మట్టి పొయ్యిని నిర్మించి, ఆ వేడికి రోగి చెమటోడ్చవలెను.

ఇట్టి గదియే పాళీ వినయపిటకమున 'జంతాఘర' మను పేర కనబడుచున్నది. వైశాలిలో భిక్షువులు పుష్టికరమైన భోజనములచే అస్వస్థులైరనియు, వైద్యుడైన జీవకుడు వారికి చంక్రమణమును, వేడి స్నానగృహమును అనుమతింపుమని బుద్ధుని అర్థించెననియు చుల్లవగ్గమునందలి కథ. ఆ మీదట వచ్చిన నియమములు అత్యంత ఆసక్తికరములు. చిన్న గదియైన పొయ్యి ఒక ప్రక్కను, పెద్ద గదియైన నడుమను ఉండవలెను. పొగ పోవుటకు గొట్టముండవలెను. ముఖము కమలకుండుటకు మట్టి పూసికొనవచ్చును. మరియొక కథ రాజగృహమునందలి తపోద మను వేడినీటి బుగ్గకు సంబంధించినది. భిక్షువులు అచ్చట ఎంతసేపటికిని నీటినుండి లేవకపోగా బింబిసార మహారాజు వేచియుండవలసివచ్చెను. అందుమీద స్నానమునకు కాలవ్యవధి నియమము పుట్టినది.

సన్న్యాసుల వేన్నీటి గదికి ఇంత వివరముగా నియమములుండగా గృహస్థుల వేన్నీళ్ళకు ఏల లేవు? సమాధానము సులభము. ఇల్లు విడిచిన పురుషులకు పొయ్యి ఎక్కడ నుండవలెనో, పొగ ఎటు పోవలెనో వ్రాసి చెప్పవలసివచ్చెను. ఇంటిలోని స్త్రీకి ఎవరును వ్రాసి చెప్పనక్కరలేదు. ఆమెకు తెలిసినది గ్రంథమున చేరలేదు, భాషలో చేరినది.

3. మాట సాక్ష్యము

'కాఁగు' అను తెలుగు మాటను తీసికొందము. ఇది క్రియ: నీళ్ళు కాగును. ఇదియే నామము: నీళ్ళు కాచు పెద్ద పాత్రకు కాగని పేరు. చేయు పనికిని, చేయు పాత్రకును ఒకే పేరుండుట ఆ పాత్ర ఎంత కాలమునుండి ఆ యొక్క పనికే కేటాయింపబడియుండెనో తెలుపుచున్నది. ఈ ధాతువు ద్రావిడభాషల సొత్తు. తమిళమున 'కాయ్' అనగా వేడెక్కుట, ఎండుట. తెలుగున దీని సంతానము విస్తారము. ఎండ కాయును, వెన్నెల కాయును, చలి కాచుకొందుము, నొప్పికి కాపడము పెట్టుదుము, జ్వరమును, కోపమును 'కాక' యందుము. రక్షించుట యను అర్థముగల 'కాచు' వేరు ధాతువని భాషాశాస్త్రజ్ఞులు నిరూపించిరి. దానితో దీనిని కలుపరాదు.

'వే' యను మూలమునుండి వేడి, వెచ్చ, వెట్ట, వేసవి పుట్టినవి. వేడి, నీళ్ళు కలిసి వేన్నీళ్ళు, వ్యవహారమున వేణ్ణీళ్ళు. దీనికి జోడుగా చన్నీళ్ళు. తమిళమున వెన్నీర్, తణ్ణీర్ అను జంట యున్నది. అయితే అచ్చట ఒక విశేషము జరిగినది. చల్లని నీరను అర్థముగల తణ్ణీర్ నేడు నీటికంతటికిని సామాన్యనామ మైనది. తెలుగున అట్లు జరుగలేదు. మనకు 'నీళ్ళు' సామాన్యము. చన్నీళ్ళు, వేన్నీళ్ళు రెండును సమానమైన విశేషములు. అందుచేతనే "వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు" అను సామెత మనకు సహజముగా అమరినది. చాలని రాబడికి మరికొంత రాబడి తోడగుటను చెప్పు నీ సామెత, స్నానమునకు నీళ్ళు కలుపుకొను నిత్యానుభవమునుండి పుట్టినది. "వేన్నీళ్ళకు ఇల్లు కాలునా?" యను మరియొకటి కోపమునకును, బెదరింపునకును ఉండు హద్దును చెప్పుచున్నది. ఈ రెండు సామెతలును నదీతీరమున పుట్టినవి కావు, పెరటిలో పుట్టినవి.

వేడి కొలతకు ఉష్ణమాపకము రాకముందే తెలుగు ఇల్లాలికి ఒక కొలబద్ద యుండెను. నులివెచ్చ, గోరువెచ్చ, వెచ్చ, వేడి, ఉడుకు, తెరలుట, మరుగుట. 'నులి' యనగా కొద్ది. గోరువెచ్చ యనునది వేలికొస ముంచి చూచిన కొలత యని మా యూహ. శిశువునకు ఎంత, బాలింతకు ఎంత, వృద్ధునకు ఎంత యను భేదము ఈ మాటలలోనే యున్నది. ఆ కాగిన నీరే వంటింటిలో బియ్యమునకు పెట్టినపుడు 'ఎసరు' అగును. ప్రాంతభేదమును గమనింపదగినది. కోస్తావారి వేణ్ణీళ్ళు తెలంగాణమునను, రాయలసీమలోను ఉడుకునీళ్ళు. కోస్తాలో కూర ఉడుకును, నీళ్ళు కాగును. తెలంగాణపు బంధువులింట ఉడుకునీళ్ళ తానము చేయుమన్నపుడు కోస్తావాడు ఒక క్షణము తటపటాయించుట కలదు.

స్నానమును చెప్పు మాటలను రెండు తెగలుగా విభజింపవచ్చును. మునుగుట, మునకవేయుట, మజ్జనము అనునవి మొదటి తెగ. మజ్జన మనగా సంస్కృతమున మునుగుటయే. ఇవి నదికి, చెరువునకు, కొలనికి చెందినవి. నీళ్ళు పోసికొనుట, తలంటుట, లాలపోయుట అనునవి రెండవ తెగ. ఇవి పాత్రకు, చేతికి, ఇంటికి చెందినవి. నెల్లూరు, రాయలసీమ ప్రాంతములలో నేటికిని స్నానము చేయుటను నీళ్ళు పోసికొనుట యనియే చెప్పుదురు. తలంటు అను మాటలో నీటి పేరే లేదు. తలకు నూనె అంటించుటయే అందు ప్రధానము. అయినను తలంటు అనగానే వేన్నీళ్ళు మనసునకు వచ్చును. ఏలయన నూనెజిడ్డు చన్నీటికి వదలదు. సున్నిపిండి, కుంకుడుకాయ, సీకాయ అనునవి వేన్నీళ్ళకు సహచరములు. కుంకుడురసము వేడినీటిలోనే బాగుగా దిగును.

మరి రెండు పలుకుబడులు చరిత్రకారుడు విడువరానివి. స్త్రీ గర్భవతి యగుటను 'నీళ్ళు పోసికొన్న' దందురు. ప్రసవించుటను 'నీళ్ళాడిన' దందురు. స్త్రీ జీవితమునందలి రెండు ముఖ్యఘట్టములకు తెలుగుభాష స్నానముపేరే పెట్టినది. పురిటింట వేన్నీళ్ళు ఔషధముతో సమానము. బాలింతకు వావిలాకు వేసి కాచిన నీళ్ళు పోయుదురు. శిశువును కాళ్ళపై పరుండబెట్టుకొని అమ్మమ్మయో, మంత్రసానియో లాలపోసి సాంబ్రాణి పొగ వేయును. అమ్మవారు పోసి తగ్గిన తరువాత వేపాకు వేసిన నీళ్ళు పోయుదురు. పెండ్లికి మంగళస్నానము, నరకచతుర్దశికి తెల్లవారుజామున అభ్యంగనము, ఉగాదికి తలంటు. పుట్టుకనుండి పండుగల వరకు ఎచ్చట చూచినను కాగు క్రింద మంట యున్నది.

4. రాజు స్నానము, ఊరి చాకిరి

రాజుల స్నానమును గూర్చి మాత్రము వ్రాతపూర్వకమైన సాక్ష్యము కొంత యున్నది. కల్యాణి చాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు (1126–1138) రచించిన మానసోల్లాసమున రాజు అనుభవింపదగిన భోగములలో స్నానభోగ మొకటి. పరిమళతైలములు, మర్దనము, నూనె వదలించు చూర్ణములు అందు వర్ణితములు. కాకతీయులు మొదట ఈ చాళుక్యులకే సామంతులు గనుక ఆ గ్రంథము తెలుగుదేశపు ఆస్థానాచారములకును దూరమైనది కాదు.

సుమారు 1520లో విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, కృష్ణదేవరాయల ప్రాతఃకృత్యమును వర్ణించెను. రాయలు తెల్లవారకముందే నువ్వులనూనె త్రాగి, ఒడలినిండ నూనె పూసికొని, బరువులెత్తి, కత్తి త్రిప్పి, నూనె యంతయు చెమటగా వెలువడువరకు శ్రమించి, మల్లునితో కుస్తీ పట్టి, గుఱ్ఱమెక్కి, పిదప స్నానమునకు పోవుననియు, ఒక బ్రాహ్మణుడు ఆయనకు స్నానము చేయించుననియు పేస్ వ్రాసెను. నూనెను, బరువులను, కత్తిని, మల్లుని, గుఱ్ఱమును, స్నానము చేయించిన వానిని సైతము చెప్పిన యాత్రికుడు, ఆ నీటిని తోడి, మోసి, సిద్ధపరచిన వారిని చెప్పలేదు. ఇది పేస్ యొక్క దోషము కాదు. సాక్ష్యముల స్వభావమే అట్టిది. స్నానము చేసినవాడు కనబడును. నీళ్ళు పెట్టినవారు కనబడరు.

నీళ్ళు పెట్టినవారు చరిత్రలో కనబడిన సందర్భ మొకటి కలదు. అది సుఖకరమైనది కాదు. హైదరాబాదు సంస్థానమున వెట్టిచాకిరి యుండిన కాలమున, ఊరికి వచ్చిన అధికారులకును, దేశముఖులకును మంగళ్ళు, చాకళ్ళు, కుమ్మరులు మొదలగు వృత్తులవారు కూలి లేకుండ సేవ చేయవలసియుండెను. కట్టెలు తెచ్చుట, నీళ్ళు మోయుట, ఒళ్ళు పట్టుట అందులోనివే. 1930లో మొదటి మహాసభను జరుపుకొన్న నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ వెట్టికి వ్యతిరేకముగా తీర్మానములు చేసి ఆందోళనము సాగించినది. ఒక అధికారి వేన్నీళ్ళ స్నానమునకు వెనుక ఎంత మంది ఉచిత శ్రమ యుండెనో ఆ యుద్యమ చరిత్ర చెప్పుచున్నది. ఊరి వెట్టికి వ్యతిరేకముగా తీర్మానము వచ్చినది. ఇంటిలోపలి కాగు క్రింద కూర్చున్న స్త్రీ శ్రమను గూర్చి అట్టి తీర్మానము రాలేదు.

5. హమాము

వేన్నీటికి రాతి సాక్ష్యము తెలుగునేలపై బొత్తిగా లేదనరాదు. గోల్కొండ సమీపమున కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో ఒక హమాము కలదు. వంశస్థాపకుడైన సుల్తాను కులీ కాలమునాటి దని చెప్పబడు ఈ కట్టడము పారసీక, తురుష్క పద్ధతిని అనుసరించినది. వేన్నీటికిని, చన్నీటికిని వేర్వేరు ఏర్పాటులు, గోడలలో గొట్టములు, నడుమ పండ్రెండు కోణముల వేదిక యున్నవి. 2013 తరువాత జరిగిన పరిరక్షణ కార్యక్రమమున ఇది తిరిగి చక్కబరుపబడినది. ఇది రాజవంశీయుల మృతదేహములకు అంత్యస్నానము చేయించిన చోటని చెప్పుదురు. ఇంతటి విశిష్టమైన వేన్నీటి కట్టడము సజీవుల నిత్యస్నానమునకు గాక మృతుల అంత్యస్నానమునకు సంబంధించిన దని చెప్పబడుట ఆలోచింపదగినది. శాశ్వతత్వము కోరినచోట రాయి వచ్చినది. నిత్యజీవితమునకు కుండయే చాలినది.

హమామను అరబ్బీ మాట ప్రయాణము ఇంకను వినోదకరము. అరబ్బీలో అది స్నానశాల. హైదరాబాదు ఇండ్లలో నీళ్ళు కాచు రాగిపాత్రను హమాము అనువారు కలరు. పిదప అదియే ఒక స్నానపు సబ్బునకు పేరై, ఎన్నడును హమామును చూడని పల్లె ఇండ్లకును చేరినది. కట్టడము పాత్రయై, పాత్ర సబ్బై, మాట మాత్రము ఒకటిగానే మిగిలినది.

6. పెరటి పొయ్యి

1980ల చివరి సంవత్సరములలో, కృష్ణాతీరపు పల్లెలో మా మాతామహుల ఇంట మేము చూచిన నీళ్ళపొయ్యిని ఇచ్చట వర్ణించుట అప్రస్తుతము కాదు. బావికిని, స్నానపు దడికిని నడుమ మూడు రాళ్ళు. వానిపై రాగికాగు. వెలుపల మసి అంగుళము మందము. లోపల చింతపండుతో తోమిన తళతళ. మంచి కట్టె వంటపొయ్యికి పోవును. నీళ్ళపొయ్యికి వచ్చునది తాటిమట్ట, కందికంప, పత్తికట్టె, మిరపకట్టె. అవి క్షణములో మండి క్షణములో ఆరిపోవును గనుక ఎగద్రోయుచు కూర్చుండు మనిషి ఒకరు ఉండితీరవలెను. ఆ మనిషి మా అమ్మమ్మ.

స్నానములకు ఒక వరుస యుండెను. మొదట తాతయ్య, పిదప మామయ్యలు, పిదప బడికి పోవు పిల్లలు, పిదప కోడండ్రు. అందరి వెనుక అమ్మమ్మ. ఒకరు తోడుకొన్నంత నీరు తిరిగి కాగులో పోయుచుండిరి. కడపటికి మంట ఆరును, కట్టె ముగియును. "అమ్మమ్మా, నీకు వేన్నీళ్ళు వద్దా?" యని మేమొకనాడు అడిగితిమి. "నాకు చన్నీళ్ళే అలవాటురా నాయనా" యని యామె బదులు చెప్పెను. ఆనాడు దానిని అభిరుచిగా గ్రహించితిమి. అది అభిరుచి కాదనియు, వరుసలో కడపటి స్థానమునకు పెట్టిన పేరనియు గ్రహించుటకు మాకు చాల కాలము పట్టినది.

ఆ శ్రమను అంకెలలో చూచుట మంచిది. 15 లీటర్ల బాల్చి నీటిని 25 డిగ్రీలనుండి 45 డిగ్రీల సెంటిగ్రేడునకు తెచ్చుటకు సుమారు 1,250 కిలోజౌళ్ళ ఉష్ణము కావలెను. కిలో ఎండుకట్టె మండిన సుమారు 15,000 కిలోజౌళ్ళు వెలువడును. కాని మూడురాళ్ళ పొయ్యిలో పాత్రకు చేరునది అందు పదవవంతునుండి ఐదవవంతు లోపుగానే. తక్కినది గాలికి పోవును. ఈ లెక్కన బాల్చికి అరకిలోకు దగ్గరనుండి ముప్పాతిక కిలోకు పైగా కట్టె కావలెను. ఎనమండుగురు గల ఇంటికి దినమునకు మూడున్నర మొదలు ఆరేడు కిలోలు. వంటకు కావలసిన కట్టె ఇందులో చేరలేదు. ఇంత కట్టె ఏరి, మోసి, ఎండబెట్టి, వానలో దాచి, తెల్లవారకముందే లేచి మంట పెట్టుట యొక జీవితకాలపు పని. అందుచేతనే చాల పేద ఇండ్లలో వేన్నీళ్ళు నిత్యము కాక, పురిటికి, జ్వరమునకు, పండుగకు మాత్రమే పరిమితమైనవి. తలంటు పండుగ యగుటకు శాస్త్రమెంత కారణమో కట్టె అంత కారణము.

7. కాగునుండి గీజరునకు

కాగు తరువాత రాగి బాయిలరు వచ్చినది. నడుమ నిప్పుల గొట్టము, చుట్టును నీరు. పై గరాటులో ఒక చెంబు చన్నీళ్ళు పోసిన ప్రక్క గొట్టమునుండి అంత వేన్నీళ్ళు వెలువడును. మంట నీటి నడుమనే యుండుటచే కట్టె ఆదా యైనది. తరువాత నీటిలో ముంచు విద్యుత్తీగ, ఆ మీదట గోడకు గీజరు, మేడపై సూర్యతాప యంత్రము వచ్చినవి. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రారంభించిన దీపం పథకమును, 2016లో కేంద్రము ప్రారంభించిన ఉజ్జ్వల పథకమును పేద స్త్రీల పొయ్యిలోనికి గ్యాసును తెచ్చినవి. పొగ తగ్గినది. అమ్మమ్మల కన్నులకు ఇది నిజమైన మేలు. గతకాలపు కాగును తలంచి ఈ మేలును తక్కువ చేయుట న్యాయము కాదు.

గీజరను మాటకును ఒక కథ యున్నది. ఐస్లాండు దేశమున హౌకదాలూర్ లోయలో చిమ్ము వేడినీటి ఊట పేరు గేసిర్. ఉబికి చిమ్ముట యని దాని ధాత్వర్థము. లండనులో బెంజమిన్ వాడీ మాఘన్ అను నతడు 1868లో గ్యాసుతో నీరు కాచు యంత్రమును చేసి దానికి ఆ ఊట పేరు పెట్టెను. అది ఇంగ్లీషుద్వారా మన గోడల కెక్కినది. భద్రాచలమునకు చేరువను గోదావరి యొడ్డున గుండాలలో ఉష్ణగుండము కలదు. ఇసుకను త్రవ్విన వేడినీరు ఊరును. మన యంత్రమునకు మన గుండము పేరు రాలేదని చింతింపనక్కరలేదు. మాటలు యంత్రములతో వచ్చుట లోకసహజము. చింతింపదగినది మరియొకటి. క్రొత్త మాట ఒకటి వచ్చినపుడు ప్రాత మాటలు పదింటికి పైగా పోవుచున్నవి. గీజరుపై అంకెలున్నవి గనుక నులివెచ్చ, గోరువెచ్చలతో పని తగ్గినది. కాగు, కొప్పెర, గంగాళము, బాన, గుండిగ అనువాని భేదము నేటి విద్యార్థికి చెప్పి తెలుపవలసివచ్చుచున్నది. మా తరగతిలో కాగు అను మాటను క్రియగా అందరును ఎరుగుదురు. నామముగా ఎరిగినవారు ప్రతి యేటను తగ్గుచున్నారు.

8. ముగింపు

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి ఆధ్వర్యమున మాండలిక వృత్తిపదకోశము 1962లో వ్యవసాయ పదములతో ప్రారంభమైనది. 1971లో చేనేత పదములు వెలువడినవి. తరువాత ఇతర వృత్తులును చేరినవి. భారతీయభాషలలో ఇట్టి కృషికి తెలుగు మార్గదర్శకమైనది. అయితే ఆ కోశము పేరులోనే దాని హద్దున్నది: అది వృత్తుల కోశము. కుండ చేసినవాని మాటకు అందు చోటు కలదు. ఆ కుండ క్రింద మంట పెట్టినామె మాటకు ఏ సంపుటము? ఆమె పనికి కూలి లేదు గనుక అది వృత్తి కాలేదు; వృత్తి కాలేదు గనుక ఆమె పదములు కోశమునకు ఎక్కలేదు.

కావున మా సూచన యిది. ఇంటిచాకిరికి సంబంధించిన పదములను, అందు మొదటగా నీళ్ళకును, పొయ్యికిని, స్నానమునకును సంబంధించినవానిని, మండలములవారీగా సేకరించు పని శాఖలలోని పరిశోధక విద్యార్థులు చేపట్టవలెను. దీనికి శాసనములు వెదకనక్కరలేదు, తాళపత్రములు అక్కరలేదు. డెబ్బది, ఎనుబది యేండ్ల వృద్ధురాండ్ర యెదుట కాగితమును, కలమును పట్టుకొని కూర్చుండిన చాలును. కాని ఆలస్యము చేయరాదు. రాతి సాక్ష్యము వేయేండ్లు వేచియుండును. మాట సాక్ష్యము పలుకు మనిషి యున్నంతవరకే వేచియుండును. మా అమ్మమ్మను మేము అడుగవలసిన ప్రశ్నలు చాల మిగిలిపోయినవి. ఆమె ఏ కట్టెను ఏమని పిలిచెనో, ఏ వేడికి ఏ పేరు పెట్టెనో వ్రాసికొనలేదు. ఇతరులు ఆ పొరపాటు చేయకుందురు గాక.